వ్రాత వేగం: పట్వారీ దస్త్రం నుండి పంపిణీ డేటాబేసు దాకా

ఒక డేటాబేసు సెకనుకు ఎన్ని పద్దులు వ్రాసుకోగలదో కొలిచి చెప్పడం కొన్నేళ్ళుగా నా ఉద్యోగంలో ఒక భాగం. ఒకసారి సెలవులకు కోరుట్ల వెళ్ళినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక మా బాపు "అసలు నీ పనేందిరా?" అని అడిగాడు. మూడు యంత్రాలకు పంచిన ఒక డేటాబేసును పరీక్షించానని, అది సెకనుకు లక్షకు పైగా పద్దులు వ్రాసిందని కొంత గర్వంగానే చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "రాసినట్టు నీకు చెప్పింది ఎవలు కొడుకా?" అన్నాడు. ఆ డేటాబేసే చెప్పిందన్నాను. "రాసేటోడే రాసిన్నని చెప్తే అయిపాయెనా?" అని నవ్వి, పడుకోవడానికి లేచాడు.

తిరిగి వెళ్ళాక, పరీక్ష నడుస్తుండగా మూడింటిలో ఒక యంత్రానికి కరెంటు తీసేసి చూశాను. అది మళ్ళీ లేచేసరికి, "అందింది" అని మాకు బదులిచ్చిన పద్దుల్లో చివరి కొన్ని సెకన్లవి లేనే లేవు. పద్దు డిస్కు మీదికి చేరకముందే, జ్ఞాపకంలో ఉండగానే అది బదులు చెప్పేస్తోంది. డిస్కుకు చేరాకనే, మూడు ప్రతుల్లో కనీసం రెండు చోట్ల చేరాకనే బదులివ్వమని అమరిక మార్చి మళ్ళీ కొలిస్తే, నేను గర్వంగా చెప్పిన అంకెలో నాలుగో వంతు కూడా మిగలలేదు. నా మొదటి నివేదిక అప్పటికే పైవాళ్ళకు వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి పడ్డ సిగ్గు ఇంకా గుర్తుంది.

ఆనాటి నుండి ఈ కొలత చరిత్రను తవ్వడం నాకొక వ్యసనమైంది. తవ్వుతూ పోతే ఒక దారి అమెరికా బ్యాంకుల వైపు, మరొక దారి మా జగిత్యాల, సిరిసిల్ల పల్లెల దస్త్రాల వైపు వెళ్ళాయి. ఆ రెండు దారులూ ఒకే ప్రశ్న దగ్గర కలుస్తాయని చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

మొదటి దారి 1970లలో మొదలవుతుంది. 1973లో అమెరికాలోని ఒక పెద్ద బ్యాంకు తన వెయ్యి శాఖలను, పదివేల మంది గుమాస్తాలను, కోటి ఖాతాలను కంప్యూటరుతో కలపాలనుకుంది. రద్దీ వేళల్లో సెకనుకు వంద లావాదేవీలు జరుగుతాయని లెక్క వేసుకుంది. ఒక్కో లావాదేవీకి నాలుగు పనులు: ఖాతాదారు నిల్వ మార్చాలి, గుమాస్తా పెట్టెలోని మొత్తం మార్చాలి, శాఖ మొత్తం మార్చాలి, జరిగినదాన్ని చరిత్ర ఫైలు చివర ఒక పంక్తిగా చేర్చాలి. నాలుగూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. దీనికే 'డెబిట్-క్రెడిట్' పరీక్ష అని పేరు వచ్చింది.

తర్వాత యంత్రాలు అమ్మే ప్రతి సంస్థా తన యంత్రం సెకనుకు ఇన్ని లావాదేవీలు చేస్తుందని ప్రకటించుకోవడం మొదలుపెట్టింది. ఎవరి కొలత వారిది. అప్పుడు టాండెం సంస్థలో పనిచేస్తున్న జిమ్ గ్రే ఒక వ్యాసం వ్రాసి ఎందరో మిత్రులకు చూపించి, తన పేరు పెట్టకుండా 'అజ్ఞాత రచయిత, మరికొందరు' అన్న అర్థం వచ్చే సంతకంతో ప్రచురించాడు. అది 1985 ఏప్రిల్ 1న 'డేటామేషన్' పత్రికలో వచ్చింది. డెబిట్-క్రెడిట్ పరీక్షకు ఆ వ్యాసం పెట్టిన నిబంధనల్లో రెండు నాకు ముఖ్యంగా తోస్తాయి. ఒకటి, నూటికి 95 లావాదేవీలకు ఒక్క సెకను లోపల బదులు రావాలి. సగటు చెప్పి తప్పించుకోకూడదు. రెండు, వేగం పెరిగే కొద్దీ ఖాతాల సంఖ్య కూడా పెరగాలి. నాలుగు ఖాతాలు పెట్టుకుని వాటినే తిప్పి తిప్పి వ్రాసి కోటి ఖాతాల వేగమని చెప్పుకోకూడదు.

వ్యాసం వచ్చినంత మాత్రాన అమ్మకందారులు మారలేదు. తమకు కష్టమైన నిబంధనను వదిలేసి, మిగిలినవి పాటించి, పేరు మాత్రం అదే పెట్టుకున్నారు. 1988 ఆగస్టులో ఒమ్రి సెర్లిన్ ఎనిమిది సంస్థలను ఒప్పించి టీపీసీ అనే మండలిని ఏర్పాటు చేశాడు. 1989 నవంబరులో టీపీసీ-ఎ, 1992లో టీపీసీ-సి వచ్చాయి. కొలత ఎలా జరిపారో పూర్తిగా బయటపెట్టాలని, కరెంటు పోయినా వ్రాసినది నిలుస్తుందని పరీక్షించి చూపాలని మండలి పట్టుబట్టింది. కాలక్రమంలో బయటి తనిఖీదారు సంతకం కూడా తప్పనిసరి అయింది. అంతటితోనైనా ఆగారా అంటే, అదీ లేదు. పరీక్షలో తప్ప నిజ వాడుకలో పనికిరాని ఒక ప్రత్యేక అమరికను ఒక పెద్ద సంస్థ కేవలం పరీక్ష కోసమే చేర్చిందని 1993లో ఆరోపణ వచ్చింది. ఆపైన పరీక్ష కోసమే పుట్టిన అమరికలు చెల్లవని మండలి నిబంధనల్లో చేర్చవలసి వచ్చింది. జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2007 జనవరి 28న ఒంటరిగా పడవలో సముద్రంలోకి వెళ్ళిన ఆయన మళ్ళీ తిరిగి రాలేదు.

ఇక రెండో దారి. నా దృష్టిలో పంపిణీ డేటాబేసు మా ప్రాంతానికి కంప్యూటరుతో రాలేదు, చాలా ముందే వచ్చింది. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగు 1865లో జిల్లాబందీ చేసి శిస్తు వసూలును గుత్తేదార్ల చేతి నుండి చాలావరకు సర్కారు యంత్రాంగం కిందికి తెచ్చాడు. ఆ యంత్రాంగంలో అట్టడుగున ఊరికొక పట్వారీ. ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, పట్టాదారు ఎవరు, అనుభవంలో ఉన్నది ఎవరు, ఏ పంట వేశారు, నీరు ఎక్కడిది అన్నవన్నీ పహాణీలో అతడే వ్రాసేవాడు. ప్రతి ఊరూ తన వ్రాతను తానే వ్రాసుకునేది. ఏడాదికొకసారి జమాబందీలో పై అధికారి ముందు ఊరి లెక్కలు సరిచూసేవారు. మా వృత్తి భాషలో చెబితే, వ్రాత స్థానికంగా, పొందిక ఏడాదికొకసారి. వేగం విషయంలో ఆ వ్యవస్థకు లోటేమీ లేదు. వేల ఊళ్ళలో వేల కలాలు ఒకే రోజున వ్రాయగలవు, ఒకదాని కోసం మరొకటి ఆగనవసరం లేదు.

లోటంతా మరొకచోట ఉంది. వ్రాసేది పట్వారీ. వ్రాసినట్టు చెప్పేదీ పట్వారీయే. పట్టాదారు గడిలో ఒక పేరు, అనుభవదారు గడిలో మరొక పేరు ఉంటే, ఆ రెండో పేరు మీదే ఒక కుటుంబపు బతుకు ఆధారపడి ఉండేది. కౌలుదారు పేరు ఒక సంవత్సరం పహాణీలో లేకుండా పోతే, అతడు ఆ నేలను దున్నలేదని అర్థం. నిజాం కాలపు దస్త్రం ఉర్దూలో ఉండేది; దున్నేవాడికి చదువే రాదు. పోలీసు చర్య తర్వాత 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. నేటికీ భూమి తగాదాలో "ఖాస్రాలో ఎవరి పేరుంది?" అన్నదే మొదటి ప్రశ్న. అంటే అది మా భూములకు మూల ప్రతి. ఆ తర్వాతి ప్రతి మార్పూ దాని మీద వ్రాసిన పంక్తి.

చట్టాలు వచ్చినా కలం చేతులు మారలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలాది రైతుకూలీలు జైత్రయాత్ర జరిపారు. వెట్టి, కూలి, దొరల చేతుల్లోని భూములు అక్కడి డిమాండ్లు. అక్టోబరు 20న ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ కాలం గురించి ఎన్నో కోణాల్లో ఎందరో వ్రాశారు. నాకు పట్టిన కోణం చిన్నది. అక్కడ గుమికూడిన వారిలో ఎవరూ దస్త్రం నెమ్మదిగా నడుస్తోందని ఫిర్యాదు చేయలేదు. దస్త్రం ఎవరి పక్షాన నడుస్తోందన్నదే వారి ఫిర్యాదు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో పట్వారీ, పటేల్, కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. తరతరాలుగా ఇంట్లో ఉన్న దస్త్రాలు అప్పగించమన్నారు. కొన్ని ఊళ్ళలో అన్నీ వచ్చాయి, కొన్ని ఊళ్ళలో కొన్నే వచ్చాయి. వ్రాసే యంత్రాన్ని ఒక్క రాత్రిలో ఆపగలిగారు గానీ, అది ఏమేమి వ్రాయకుండా మిగిల్చిందో ఎవరికీ తెలియలేదు.

అసలు వ్రాతకే రానివి ఇంకెన్నో ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో భూమి కొనుగోలు తెల్లకాగితం మీద జరిగేది. దాన్నే సాదాబైనామా అంటాం. అమ్మినవాడి వేలిముద్ర, ఇద్దరు ముగ్గురు సాక్షులు, పైకం ముట్టినట్టు ఒక వాక్యం. రిజిస్ట్రేషనుకు స్టాంపు ఖర్చు, పట్నం తిరుగుడు ఎందుకని, మాట మీద నమ్మకంతో అలా చేసేవారు. మా తాత కూడా ఎకరం పది గుంటలు అలాగే కొన్నాడు. ఆ కాగితం మా ఇంట్లో ఒక రేకు పెట్టెలో ఉంది. నేల మీద దున్నుతున్నది మేము, దస్త్రంలో పేరు అమ్మినవారిది. డేటాబేసు పరిభాషలో ఇది పంపినవాడు పంపాననుకుని, అందుకోవలసినవాడికి ఎన్నడూ అందని పద్దు. ఏ వేగపు కొలతలోనూ ఇది కనిపించదు. కొలిచే యంత్రం తనకు చేరిన పద్దులనే లెక్కిస్తుంది కదా! 1971 నాటి హక్కుల రికార్డు చట్టానికి తర్వాతి సవరణలలో ఇలాంటివాటిని క్రమబద్ధం చేసి 13-బి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. చాలామందికి అది దక్కింది, చాలామందికి దక్కలేదు.

1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పథకం వచ్చింది. రిజిస్ట్రేషను కార్యాలయాలను కంప్యూటరీకరించడం దాని పని. అప్పటివరకు రోజుల తరబడి పట్టే రిజిస్ట్రేషను ఒక గంటలో అయిపోతుందని, ఈసీ నిమిషాల్లో చేతికొస్తుందని ప్రకటించారు. ఈ అంకెలు దేశవిదేశాల సదస్సుల్లో, ఈ-పాలన పాఠ్యాంశాల్లో ఉదాహరణలయ్యాయి. అవి అబద్ధాలని నేననను. ఈసీ కోసం పాత సంపుటాలు తిరగేయవలసిన పని నిజంగానే తగ్గింది. కాని 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక వ్యాసం వ్రాస్తూ, కంప్యూటర్లు వచ్చినా మధ్యవర్తులూ, మామూళ్ళూ పోలేదని వాదించాడు. కౌంటరు లోపలి నుండి కొలిస్తే గంట. రైతు ఇంటి గడప నుండి కొలిస్తే ఎంత? జిమ్ గ్రే వ్యాసం తర్వాత అమ్మకందారులు చేసినదీ, ఇక్కడ జరిగినదీ ఒకటే. గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో కొలిపించుకునేవాడే నిర్ణయించుకున్నాడు.

మరొక చిక్కు కూడా మిగిలింది. అమ్మకం దస్తావేజు రిజిస్ట్రారు దగ్గర, పట్టా మార్పు రెవెన్యూ దగ్గర. రెండు దస్త్రాలు, రెండు కార్యాలయాలు. మొదటిదానిలో వ్రాత పడ్డాక రెండోదానిలో పడేదాకా నెలలు గడిచేవి. కొన్నిసార్లు పడేదే కాదు. ఆ సందులోనే ఒకే భూమిని ఇద్దరికి అమ్మడం సాధ్యమయ్యేది. డెబిట్-క్రెడిట్ పరీక్షలో నాలుగు వ్రాతలూ జరగాలి లేదా ఏదీ జరగకూడదన్న నియమం ఎందుకు పెట్టారో, ఇలాంటి తగాదా ఒక్కటి చూసినవారికి వేరే వివరించనక్కరలేదు.

ఈలోగా మొదటి దారిలో కాలం మారింది. అంతర్జాలం పెరిగాక ఒక్క యంత్రం చాలలేదు. 1996లో పాట్రిక్ ఓనీల్, ఆయన సహచరులు 'ఎల్ఎస్ఎం వృక్షం' అనే పద్ధతిని ప్రతిపాదించారు. వచ్చిన పద్దును దాని అసలు చోటులో వ్రాయకుండా, ముందు జ్ఞాపకంలో కూడబెట్టి, గుత్తగా డిస్కుకు దించి, తీరిక దొరికినప్పుడు పాత కట్టలతో కలిపి సర్దడం దాని సారాంశం. మా పట్వారీ ఏడాది పొడవునా కచ్చా చిట్టా వ్రాసుకుని, జమాబందీ ముందు పక్కా లెక్కలోకి ఎక్కించడంతో దీన్ని పోల్చుకోవచ్చు. వ్రాత క్షణాల్లో అయిపోతుంది; సర్దుడు అప్పు మిగులుతుంది. అందుకే ఇలాంటి డేటాబేసును పది నిమిషాలు కొలిచి వదిలితే అద్భుతంగా కనిపిస్తుంది. అదే వేగంతో రాత్రంతా నడిపితే సర్దుడు వెనకబడి, వ్రాతలు ఆగి ఆగి సాగుతాయి. జమాబందీ వారంలో పట్వారీని పలకరించి చూస్తే ఎలా ఉండేదో అలాగన్నమాట.

2006లో గూగుల్ 'బిగ్‌టేబుల్' వ్యాసం, 2007లో అమెజాన్ 'డైనమో' వ్యాసం వచ్చాయి. 2008లో ఫేస్‌బుక్ 'కసాండ్రా'ను అందరికీ విడుదల చేసింది. ప్రతి పద్దుకూ సాధారణంగా మూడు ప్రతులుంచుతారు. ఎన్ని ప్రతుల నుండి "వ్రాశాను" అన్న మాట వస్తే వాడుకరికి బదులివ్వాలన్నది మన ఎంపికకే వదిలారు. ఒక్కటి చాలంటే వేగం ఎక్కువ, భరోసా తక్కువ. మూడింటిలో రెండు చెప్పాలంటే వేగం తగ్గుతుంది. కాని చదివేటప్పుడు కూడా రెండింటినీ అడిగితే, ఆ రెండు జతల్లో కనీసం ఒక్క యంత్రమైనా ఉమ్మడిగా ఉంటుంది కనుక తాజా పద్దు తప్పిపోదు. ఇద్దరు సాక్షుల సంతకం అడిగే మన పెద్దల పద్ధతి ఇదే.

2010లో యాహూ పరిశోధకులు బ్రయన్ కూపర్, రఘు రామకృష్ణన్, మరి ముగ్గురు కలిసి 'వైసీఎస్‌బీ' అనే కొలత పరికరాన్ని తెచ్చారు. నేటికీ పంపిణీ డేటాబేసులను పోల్చాలంటే చాలామంది ముందు దాన్నే అందుకుంటారు. దానిలో నాకు నచ్చినది పద్దుల ఎంపిక. అన్ని పద్దులనూ సమానంగా తాకకుండా, కొన్నింటిని చాలాసార్లు, ఎక్కువ భాగాన్ని అరుదుగా తాకేలా అమర్చవచ్చు. భూమి లెక్కలూ అలాగే ఉంటాయి. ఆర్మూరు నుండి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వెళ్ళే జాతీయ రహదారి పక్క సర్వే నంబర్లు మళ్ళీ మళ్ళీ చేతులు మారతాయి. గుట్టల కింది చెల్కలు తరానికొకసారి. అన్నింటినీ సమానంగా చూసి కొలిస్తే రహదారి పక్క ఒత్తిడి కనిపించదు.

అయితే ఆ పరికరం ప్రధానంగా వేగాన్నే కొలుస్తుంది. వ్రాసినది నిలిచిందా అన్నది దాని మొదటి ప్రశ్న కాదు. ఆ దశకంలో పేరు పొందిన 'మాంగోడీబీ'లో 2012 నవంబరు వరకు వాడుక గ్రంథాలయాలు మామూలు అమరికలో సర్వరు బదులు కోసం ఆగేవే కావు. పద్దును పంపడమే వ్రాయడంగా లెక్క. 2013 నుండి కైల్ కింగ్స్‌బరీ 'జెప్సన్' పేరిట ఒక్కొక్క డేటాబేసునూ తీసుకుని, యంత్రాల మధ్య తీగలు తెంచినట్టు చేసి, "వ్రాశాను" అన్న పద్దులన్నీ ఉన్నాయా అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పేరున్న డేటాబేసులు ఎన్నో ఆ లెక్కలో తప్పాయి. మా బాపు అడిగిన ప్రశ్ననే ఆయన యంత్రంతో అడిగించాడు.

ఇప్పుడు రెండు దారులూ కలిసే రోజుకు వస్తాను. 2014 ఆగస్టు 19, మంగళవారం. కొత్త రాష్ట్రమేర్పడి మూడు నెలలు కూడా కాలేదు. తెలంగాణ అంతటా సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో జరిగింది. సెలవు ప్రకటించారు. దాదాపు నాలుగు లక్షల మంది ఉద్యోగులు ఇంటింటికీ తిరిగారు. కోటికి పైగా కుటుంబాల వివరాలు వ్రాసుకున్నారు. లెక్క వేసి చూడండి: మనిషికి సుమారు 25 కుటుంబాలు. పన్నెండు గంటల పని అనుకుంటే కుటుంబానికి అరగంట. రాష్ట్రం మొత్తాన్ని ఒక్క యంత్రంగా భావిస్తే, సెకనుకు 230 కుటుంబాల వ్రాత. కాగితం మీద, చేతితో! ఇంతకంటే పెద్ద వ్రాత పరీక్ష మా ప్రాంతం చూడలేదు.

ఆ వేగం ఎలా సాధ్యమైందో గమనించాలి. కాగితమే చిట్టా, కంప్యూటరులోకి ఎక్కించడం తర్వాతి వారాల పని. ముందు వరుసగా వ్రాసుకుని, పిదప సర్దుకోవడం. అంతకంటే ముఖ్యం, ఆ వేగానికి మూల్యం చెల్లించింది వ్రాసేవారు కాదు, వ్రాయబడేవారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే పేరు పోతుందని, రేషను కార్డు పోతుందని జనం భయపడ్డారు. భివండీ, ముంబయి, సూరత్, షోలాపూర్‌లలో మగ్గాల మీద పనిచేసే మా సిరిసిల్ల, కోరుట్ల వైపు వాళ్ళు కూలి పోగొట్టుకుని, కిక్కిరిసిన బస్సుల్లో, రైళ్ళలో వచ్చారు. గల్ఫులో ఉన్నవారు రాలేకపోయారు. బీడీలు చుట్టుకుంటూ ఇంటి దగ్గరున్న వారి భార్యలు, తల్లులు మావాళ్ళ పేరు వ్రాస్తారా లేదా అని ఎదురుచూశారు. వ్రాత వేగం 230 అన్న అంకెలో ఆ ప్రయాణాల ఖర్చు లేదు.

పదేళ్ళ తర్వాత, 2024 నవంబరు 6న కులగణనతో కూడిన ఇంటింటి సర్వే మొదలై యాభై రోజులు సాగింది. సుమారు కోటీ 12 లక్షల కుటుంబాలు, అంటే 96.9 శాతం వ్రాతలోకి వచ్చాయని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. వేగం లెక్కేస్తే మునుపటి దాంట్లో యాభయ్యో వంతుకు దగ్గరగా ఉంటుంది. కాని ఇంట్లో లేనివాడి తలుపు మరొక రోజు తట్టే వీలుంది. తప్పిపోయినవారికి అదే ఫిబ్రవరిలో మళ్ళీ కొన్ని రోజులు అవకాశమిచ్చారు. పైగా ఎంతమంది మిగిలిపోయారో ఒక అంకె చెప్పారు. ఆ అంకె మీద వాదాలు జరిగాయి, జరగనీయండి. మిగిలిపోయినవాటిని చెప్పని కొలత కంటే, చెప్పి మాట పడే కొలత నయం.

చివరగా మళ్ళీ భూమి. 2017 సెప్టెంబరు 15 నుండి డిసెంబరు 31 దాకా రాష్ట్రంలోని పదివేలకు పైగా రెవెన్యూ గ్రామాల దస్త్రాలను ప్రక్షాళన చేశారు. తగాదా లేనివి పార్ట్-ఏ, ఉన్నవి పార్ట్-బీ. నూరు రోజుల్లో అంత వ్రాత! 2018 మే 10న హుజూరాబాదులో రైతుబంధు మొదలైంది. పార్ట్-ఏలో ఉన్నవారికి కొత్త పాసుపుస్తకాలు, చెక్కులు అందాయి. పార్ట్-బీలో ఉన్నవారు చూస్తూ నిలబడ్డారు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. తహశీలుదారే రిజిస్ట్రారు, అమ్మకం, పట్టా మార్పు ఒకే కూర్చునికిలో. రెండు దస్త్రాల మధ్య సందు మూయడమన్నది నిజంగా మంచి ఆలోచన. నాలుగు వ్రాతలూ ఒక్కటిగా జరగాలన్న నియమమే అది. కాని తప్పుగా పడిన వ్రాతను దిద్దడానికి ఆ 2020 చట్టంలో పాత అప్పీలు దారి లేకపోయింది. నూరు రోజుల వేగంలో పడిన తప్పులు అలాగే గట్టిపడ్డాయి. పేరులో ఒక అక్షరం, విస్తీర్ణంలో ఒక గుంట, నిషేధిత జాబితాలో ఒక సర్వే నంబరు. వాటికోసం కలెక్టరేటుకూ, కోర్టుకూ తిరగవలసి వచ్చింది.

సాదాబైనామాలకు 2016 జూనులో ఒకసారి ఉచితంగా క్రమబద్ధం చేసుకునే అవకాశం ఇచ్చారు. 2020లో మళ్ళీ దరఖాస్తులు పిలిస్తే లక్షల్లో వచ్చాయి; పాత చట్టం స్థానంలో కొత్త చట్టం రావడంతో హైకోర్టులో చిక్కుపడి ఏళ్ళ తరబడి ఆగాయి. 2025 ఏప్రిల్ 14న అమలులోకి వచ్చిన భూభారతి చట్టం అప్పీలు దారిని తిరిగి తెచ్చింది, సాదాబైనామాలకూ చోటిచ్చింది. ఏ మేరకు ఫలిస్తుందో కాలం చెప్పాలి.

ఈ రెండు దారులూ నడిచాక నా నివేదికల తీరు మారింది. సెకనుకు ఎన్ని పద్దులన్న అంకెను ఇప్పుడు మొదటి పుటలో వ్రాయను. ముందు నాలుగు సంగతులు వ్రాస్తాను: ఎన్ని ప్రతులు ఒప్పుకుంటే "వ్రాశాను" అన్నాం, కరెంటు తీశాక ఎన్ని పద్దులు నిలిచాయి, అన్నిటికంటే ఆలస్యమైన నూటికొక్క పద్దు ఎంతసేపు ఆగింది, తప్పు పడితే దిద్దే దారి ఏది. ఇవి చెప్పాకనే వేగం. 2020లో 'ఓషన్‌బేస్' అనే పంపిణీ డేటాబేసు టీపీసీ-సి పరీక్షలో నిమిషానికి 70 కోట్లకు పైగా లావాదేవీలు చేసి చూపింది. అంత పెద్ద అంకెను నేను నమ్మడానికి కారణం ఆ అంకె కాదు, దాని కింద ఉన్న తనిఖీదారు సంతకం.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు బాపు ఆ రేకు పెట్టె తెరిచి తాత కాగితాన్ని బయటికి తీశాడు. కొత్త చట్టం కింద దరఖాస్తు చేశామని, రసీదు కూడా వచ్చిందని చెప్పాడు. రసీదు నా చేతికిచ్చి, "ఇది అందినట్టా, రాసినట్టా?" అని అడిగాడు.

అందినట్టేనని చెప్పాను. కాగితాన్నీ రసీదునూ కలిపి మడిచి మళ్ళీ ఆ పెట్టెలోనే పెట్టాడు.